కిటికీ వైపు చెయ్యి

పద్నాలుగో భాగం

పోయిన వారం మన తీగలక్కను పెద్ద డాక్టరమ్మ బల్ల ముందు నిలబెట్టి వచ్చేశాం. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. మొదటి నుంచీ వెంట ఉన్నవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఈసీజీ గదిలో పదకొండేళ్ళు పనిచేసిన మనిషి ఆమె. భుజాన ఎప్పుడూ రంగురంగుల తీగలు వేలాడుతుంటాయని ఆస్పత్రి ఆస్పత్రంతా తీగలక్క అనేది. ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం, ఛాతీలో నొప్పంటూ ఒక దర్జీ వచ్చాడు. ఎవరో ఈసీజీ తీశారు. కుడిచేతికి పెట్టాల్సిన ఎర్ర తీగ ఎడమచేతికి పెట్టారు, ఎడమచేతి పసుపు తీగ కుడిచేతికి పెట్టారు. గీతలు తలకిందులయ్యాయి. డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరు ఆ కాగితం చూసి, ఇతనికి పుట్టుకతోనే గుండె కుడివైపు ఉన్నట్టుంది, కంగారేం లేదు అనుకుని గ్యాసు మాత్ర ఇచ్చి పంపేశాడు. అసలు గుండెపోటు ఆ తలకిందుల గీతల వెనక దాక్కుని ఉంది. సాయంత్రం ఆరింటికి దర్జీ కుట్టు మిషను మీదే ఒరిగిపోయాడు.

కాగితం మూలన అచ్చయిన ఉద్యోగి నంబరు తీగలక్కది. టైము రెండూ ఇరవై. ఆమె రెండింటికే డ్యూటీ దిగి వెళ్ళిపోయింది, కానీ వెళ్ళడం చూసినవాళ్ళెవరూ లేరు. ఆమె తర్వాత మిషను ముందు కూర్చున్నవాళ్ళు తమ నంబరు కొట్టుకోకుండా పని కానిచ్చేశారు. ఆ కూర్చున్నది ఎవరో ఆమెకు తెలుసు. ఈసీజీ విభాగానికి పెద్ద, ఆమెకు పని నేర్పిన గురువు, అందరూ మాస్టారు అని పిలిచే పెద్దమనిషి. విచారణలో ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ మధ్యాహ్నం నేనసలు ఆ గది గడప తొక్కలేదండీ. ఆ అమ్మాయే తీసింది. మంచి పిల్లే, ఏదో పరధ్యానంలో ఉన్నట్టుంది" అన్నాడు. జాలి కూడా చూపించాడు! ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ జాలికే తీగలక్క కడుపు ఈనాటికీ మండుతోంది.

ఆ మధ్యాహ్నం రెండు దాటాక ఆ గదిలో తీసిన నాలుగు ఈసీజీలూ సంపాదించి పోయిన వారం ఆమె పెద్ద డాక్టరమ్మ ముందు పరిచింది. నాలుగింటిలోనూ ఒకటో లీడు, అంటే రెండు చేతుల మధ్య తీసే మొదటి గీత, తలకిందులే. "నలుగురికి నలుగురికీ గుండె కుడివైపే ఉంటుందా డాక్టరమ్మా? నిజంగా కుడివైపుంటే ఛాతీ మీద తీసే ఆరు గీతలూ ఎడమకు పోయేకొద్దీ చిన్నవైపోవాలి. ఇక్కడ చూడండి, మామూలు మనిషికి పెరిగినట్టే పెరిగాయి. చేతుల తీగలే మారాయి" అంది.

పెద్ద డాక్టరమ్మ చాలాసేపు చూసి, "తప్పు జరిగిందని కాగితాలు చెప్తున్నాయి. ఎవరి చెయ్యి చేసిందో చెప్పవు. ఆ చెయ్యి నాకు చూపించు, మిగతాది నేను చూసుకుంటాను" అంది.

"చూపిస్తాను" అంది తీగలక్క. అక్కడ ఆగాం.

ఆ మాట అన్న ఆరో రోజు పొద్దున్న ఆమె ఏడింటికే స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, అద్దం ముందు నిలబడింది. కొన్ని నెలలుగా మందుల షాపులో మూల స్టూలు మీద కూర్చుని వచ్చిపోయేవాళ్ళకు బీపీ చూస్తున్న మనిషి. కొందరు చెయ్యి చాపబోయి ముఖం చూసి, "ఆ దర్జీ సంగతిలో..." అని సగంలో ఆగి చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళు. చేతిపట్టీ పట్టుకుని ఆమె అలాగే ఉండిపోయేది.

అత్తగారు వంటింటి గుమ్మంలోంచి ఆ ముస్తాబు చూసింది. కోడలి పక్షాన ఊరంతటితో పోట్లాడిన మనిషే, అయినా ఇవాళ ఆవిడకు భయం వేసింది.

"ఎక్కడికే, పెళ్ళికి వెళ్తున్నట్టు?"

"మాస్టారి పాఠం వినడానికి అత్తయ్యా."

"చెరపకురా చెడేవు అన్నారే తల్లీ."

"నేను ఆల్రెడీ చెడిపోయాను కదా అత్తయ్యా, ఇప్పుడు ఆయన వంతు."

అత్తగారు లోపలికి వెళ్ళి నీళ్ళ సీసా తెచ్చి సంచిలో పెట్టింది.

ఆ రోజు పాఠం సంగతి వింటే మీకూ నవ్వొస్తుంది. కొత్తగా చేరిన ముప్ఫై మంది టెక్నీషియన్లకు ఈసీజీ తీగలు తప్పుగా పెట్టకుండా ఉండటం ఎలాగో, పెడితే కనిపెట్టడం ఎలాగో మాస్టారు బోధిస్తారట. దొంగే తాళాల గురించి ఉపన్యాసం ఇస్తున్నాడన్నమాట. ఇంకో పదిహేను రోజుల్లో ఆయన రిటైరవుతున్నాడు. ఇదే చివరి పాఠం. పెద్ద డాక్టరమ్మ కూడా వచ్చి కూర్చుంటానని కబురు పెట్టేసరికి ఆయన తలకు కొత్తగా రంగు కూడా వేయించుకున్నాడు.

పెద్ద డాక్టరమ్మ అనుమతితో ఎనిమిదింటికల్లా తీగలక్క ఆ శిక్షణ గదిలో ఉంది. పొడుగాటి గది, ఒక పక్క వరుసగా కిటికీలు, ఎదుటి పక్క తలుపు, మధ్యలో చక్రాల మంచం. ఆమె సంచి కింద పెట్టింది. మంచం బ్రేకులు కాలితో నొక్కి వదిలించింది. తలవైపు ఉన్నది కాళ్ళవైపుకు వచ్చేలా మంచాన్ని గుండ్రంగా తిప్పింది. తలగడ తీసి కొత్త తలవైపు పెట్టింది. దుప్పటి ముడతలు సరిచేసింది. చేసిందల్లా అంతే. విషం పెట్టలేదు, మంత్రం వెయ్యలేదు.

ఎందుకో చెప్తాను. మాస్టారి ఈసీజీ గదిలో మంచం ఇరవై రెండేళ్ళుగా ఒకే తీరున ఉంది. పడుకున్నవాళ్ళకు కిటికీ కుడివైపు, తలుపు ఎడమవైపు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆయన, "రోగినే అడగండి, మీ కుడిచెయ్యి ఎత్తండి అని అడిగి, ఎత్తిన చేతికే ఎర్ర తీగ పెట్టండి" అనేవాడు. మంచి మాటే. తీగలక్క పదకొండేళ్ళూ అలాగే చేసింది. ఆయన మాత్రం ఎవర్నీ అడగడు. కబుర్లు చెబుతూనే కిటికీ వైపు చేతికి ఎరుపు, తలుపు వైపు చేతికి పసుపు తగిలించేస్తాడు. "నా చేతులకు కళ్ళున్నాయమ్మాయ్" అని గొప్పలు పోయేవాడు. ఆ రోజుల్లో ఆమె కూడా నవ్వేది. దర్జీ పోయాక, వెలివేసినట్టు ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఆ నవ్వు గుర్తొచ్చి ఒక రాత్రి లేచి కూర్చుంది. ఆ వారమంతా ఆస్పత్రిలో రంగులు వేస్తున్నారు. పెయింటువాళ్ళు గది సర్దుతూ మంచం తిప్పి ఉంటారు. ఆయన చేతులకు ఉన్న కళ్ళు ఆ సంగతి చూడలేదు.

ఆమె ఒక చీటీ రాసి, మడిచి, పెద్ద డాక్టరమ్మ రాగానే చేతిలో పెట్టింది. "నేను అడిగినప్పుడు విప్పండి" అంది.

తొమ్మిదింటికి గది నిండింది. మొదటి వరుస చివర దర్జీ భార్య కూర్చుంది. ఆమెను పిలిచింది తీగలక్కే. "రా అక్కా, మీ ఆయన్ని చంపిన చెయ్యి నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని" అని రెండుసార్లు ఇంటికెళ్ళి మరీ చెప్పింది. ఆ మనిషి ఒడిలో చేతులు పెట్టుకుని, బడిపిల్లలా నిటారుగా కూర్చుంది. తీగలక్క ఆఖరి వరుసలో గోడకు ఆనుకుని నిలబడింది. మాస్టారు ఆమెను చూశాడు, ఒక్క క్షణం తడబడ్డాడు, వెంటనే చిరునవ్వు తగిలించుకున్నాడు.

"మన పాత విద్యార్థిని కూడా వచ్చింది. తప్పు చేసినవాళ్ళు మళ్ళీ నేర్చుకోవడంలో సిగ్గేం లేదు" అన్నాడు. ముప్ఫై తలలూ వెనక్కి తిరిగాయి.  కానివ్వు, కానివ్వు అనుకుంది తీగలక్క మనసులో, ఎంత ఎక్కువ నవ్వితే అంత మంచిది.

పడుకోవడానికి లిఫ్టు నడిపే ఆయన ఒప్పుకున్నాడు. చొక్కా విప్పి, పొట్ట లోపలికి లాక్కుని, తలగడ ఉన్నవైపు తల పెట్టి పడుకున్నాడు. మాస్టారు మొదలుపెట్టాడు. ఒప్పుకోవాలి, పాఠం చెప్పడంలో ఆయనకు సాటి లేరు.

"ఛాతీ మీద పెట్టే మొదటి రెండు తీగలూ చాలామంది మెడ కిందకి ఎక్కించేస్తారు. అప్పుడు ఏ రోగమూ లేనివాడికి కూడా పాత గుండెపోటు ఉన్నట్టు గీత వస్తుంది. తొందరపడకండి. ఎముకల మధ్య సందులు వేలితో లెక్కపెట్టుకోండి, ఒకటి, రెండు, మూడు, ఇదిగో నాలుగు. ఇక్కడ."

"చక్కిలిగింతలు సార్" అన్నాడు లిఫ్టాయన. పిల్లలు నవ్వారు.

"ఇక చేతులు. ఎరుపు కుడికి, పసుపు ఎడమకి. ఎప్పుడూ రోగినే అడగాలి, ఏం? మన కుడి వేరు, ఆయన కుడి వేరు" అంటూ మాస్టారు పిల్లల వైపు చూస్తూనే ఎర్ర క్లిప్పు తీసుకున్నాడు.  ఆయన చెయ్యి కాస్త కూడా తడుముకోకుండా కిటికీ వైపుకు పోయింది. లిఫ్టాయన ఎడమ మణికట్టుకు ఎర్ర క్లిప్పు పడింది. తలుపు వైపున్న కుడిచేతికి పసుపు పడింది.

ఆమెకు సంతోషం కలిగింది. దాచడం ఎందుకు, ఎనిమిది నెలల్లో ఎన్నడూ కలగనంత సంతోషం కలిగింది. ఆ మనిషి కళ్ళముందే తన గోతిలోకి తానే మెట్టు మెట్టుగా దిగుతుంటే చూడటం ఇంత తియ్యగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

మిషను చప్పుడు చేసుకుంటూ కాగితం కక్కింది. మాస్టారు దాన్ని చించి, చూడకుండానే పైకెత్తాడు. "ఇదీ సరైన ఈసీజీ అంటే. ఇంటికెళ్ళి కళ్ళకద్దుకోండి."

"మాస్టారూ, ఒకటో లీడు ఒకసారి చదివి వినిపించండి" అంది తీగలక్క.

 మాస్టారు కాగితం దించి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. రంగు వేసిన జుట్టు కింద నుదురు చెమర్చింది. ముందు వరుసలో ఒక పిల్ల మెడ సాచి చూసి, "తలకిందులుగా ఉంది సార్" అంది.

"నాకేమైనా ఉందా సార్? గుండె తిరగబడిందా?" అని లిఫ్టాయన లేచి కూర్చోబోయాడు.

మాస్టారు గట్టిగా నవ్వేశాడు. "పడుకోవయ్యా, నీకేం కాలేదు. శభాష్ పాపా! కావాలనే తప్పు పెట్టాను. మీలో ఎవరు పట్టుకుంటారో చూద్దామని!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. ఇరవై రెండేళ్ళు గదిని ఏలినవాడు ఊరికే చిక్కుతాడా? దర్జీ భార్య ఏం జరిగిందో అర్థంకాక వెనక్కి తిరిగి తీగలక్క వైపు చూసింది.

తీగలక్క తొణకలేదు. నడిచి ముందుకు వచ్చింది. "డాక్టరమ్మా, చీటీ విప్పండి" అంది.

పెద్ద డాక్టరమ్మ మడత విప్పి పైకే చదివింది. "మంచం తిప్పి పెట్టాను. మాస్టారు రోగిని అడగరు. కిటికీ వైపు చేతికి ఎరుపు పెడతారు. ఇవాళ అది ఎడమచెయ్యి."

చప్పట్లు ఆగిపోయాయి.

"కావాలనే పెట్టారన్నమాట" అంది తీగలక్క. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేకపోయింది. "బావుంది మాస్టారూ. మరి ఆ రోజు దర్జీకి పెట్టింది? ఆయన తర్వాత ఇంకో ముగ్గురికి పెట్టింది? అది కూడా కావాలనేనా? ఇదిగో, ఆయన భార్య ఎదురుగానే ఉంది, ఆమెకు చెప్పండి. మీ ఆయనకు కావాలనే తప్పు పెట్టానమ్మా, ఎవరు పట్టుకుంటారో చూద్దామని, అని చెప్పండి."

దర్జీ భార్య లేచి నిలబడింది. ఊరికే మాస్టారి ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపుకు ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు. మంచం కాళ్ళకు తగిలింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు రెండూ కోటుకు తుడుచుకున్నాడు.

"కావాలని ఎందుకు చేస్తానమ్మా!" అని అరిచాడు. "ఆ రోజు మంచం తిప్పి ఉందని నాకెవరైనా చెప్పారా?"

మాట బయటికి వచ్చేసింది. దాన్ని వెనక్కి మింగే దారి లేదు.

పెద్ద డాక్టరమ్మ కుర్చీలోంచి నెమ్మదిగా లేచింది. "ఆ మధ్యాహ్నం మీరు ఆ గది గడపే తొక్కలేదని విచారణలో చెప్పారు. సంతకం పెట్టారు. మరి మంచం తిప్పి ఉందని మీకెలా తెలుసు?"

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. లిఫ్టాయన కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు.

"నేనే తీశాను" అన్నాడు మాస్టారు చివరికి. "నలుగురివీ నేనే తీశాను. నంబరు మార్చుకోలేదు. మర్నాడు దర్జీ పోయాడని తెలిసి కాగితం చూసుకున్నాను. అర్థమైంది. కానీ నా పేరు లేదు దాని మీద. నోరు మూసుకున్నాను. ఇరవై రెండేళ్ళ పేరమ్మా..."

"నాకూ ఓ పేరుండేది మాస్టారూ. జాలిపడ్డారు నా మీద. గుర్తుందా? మంచి పిల్లే, పరధ్యానంలో ఉంది అన్నారు. ఇప్పుడు మీ మీద వీళ్ళందరూ జాలిపడతారు. అది ఎలా ఉంటుందో మిగిలిన జీవితమంతా కూర్చుని అనుభవించండి."

ఆమె ఈ మాటల్ని ఎన్నిసార్లు ఇంట్లో గిన్నెలు తోముకుంటూ అనుకుందో! అన్నీ వరుసగా వచ్చాయి, ఒక్కటీ మరిచిపోలేదు. పెద్ద డాక్టరమ్మ, "నీ ఉద్యోగం సంగతి రేపు మాట్లాడదాం. నీ మీద మచ్చ పోయినట్టే అనుకో" అంది. ముందు వరుసలో పిల్ల తీగలక్క వైపు దేవతను చూసినట్టు చూస్తోంది. ఇక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

మాస్టారు తల వంచుకునే ఉన్నాడు. కాసేపటికి, ఏదో ఆలోచన తట్టినవాడిలా తల ఎత్తాడు. ఆయన కళ్ళలో ఓడిపోయినవాడి నీరసం పోయి ఇంకేదో వచ్చింది.

"అమ్మాయీ, ఒక్క సంగతి అడుగుతాను. నన్ను పడగొట్టాలంటే మంచం తిప్పితే చాలని నీకెలా తెలిసింది?"

"మీ అలవాటు నాకు తెలియదా? ఆ రోజు పెయింటువాళ్ళు తిప్పారు, మీరు చూసుకోలేదు."

"పెయింటువాళ్ళు మన గదికి వచ్చింది మర్నాడు. వాళ్ళకు తాళం ఇచ్చింది నేను, తేదీ వేసి సంతకం చేయించుకున్న చీటీ నా బీరువాలో ఉంది. ఆ రోజు పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా ఆ గదిలో ఉన్నది నువ్వొక్కదానివే. రెండూ పదికి నేను వెళ్ళేసరికే మంచం అటు తిరిగి ఉంది. నేను చూసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ తిప్పింది ఎవరు?"

తీగలక్క జవాబు చెప్పబోయింది. అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు ఒకటిన్నరకు ఒక ముసలమ్మ వచ్చింది. ఎడమ తుంటికి కట్టు. ఎడమ పక్క నుంచి మంచం ఎక్కలేకపోయింది, కుడి పక్కన కిటికీ గోడ అడ్డం. పాపం అనిపించి తీగలక్కే బ్రేకులు వదిలించి మంచాన్ని అటు నుంచి ఇటు తిప్పింది, ముసలమ్మను నడుం పట్టి ఎక్కించింది, నీ కడుపు చల్లగుండ తల్లీ అనిపించుకుంది. ఆ తర్వాత గడియారం చూసుకుంది. రెండైంది. డ్యూటీ మారేటప్పుడు గదిలో ఏం మారినా గోడ మీది పలక మీద రాసి వెళ్ళాలని రూలు. మంచం తిప్పాను అని రెండు ముక్కలు. సుద్దముక్క కనిపించలేదు. ఆయన చూసుకుంటాడులే అనుకుంది. సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలల్లో ఆ మధ్యాహ్నాన్ని ఆమె వెయ్యిసార్లు తిరగేసింది. ప్రతిసారీ రెండు గంటల నుంచే మొదలుపెట్టింది. ఒకటిన్నర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే, ఆమె ఎవరి కడుపు చీల్చుదామని కత్తి పట్టుకొచ్చిందో, అది ఎక్కడ దిగిందో ఇప్పుడు తెలిసింది. పక్కటెముకల కింద చల్లగా తెలిసింది.

మాస్టారు నవ్వలేదు. ఆమె ముఖం చూసి ఆయనకు అర్థమైపోయింది. పెద్ద డాక్టరమ్మకు ఇంకా అర్థం కాలేదు. "మాట్లాడవేం?" అంది.

అవునని అంటే, తిరిగి వచ్చిన పేరు ఈ గది గుమ్మం దాటకుండానే పోతుంది. నాకు తెలియదు అంటే చాలు. అబద్ధాలకోరని ఇప్పుడే తేలిన ముసలాయన మాట ఎవరూ నమ్మరు. ఆయన కూడా ఎనిమిది నెలల కిందట సరిగ్గా ఇలాగే నిలబడి ఉంటాడు, ఇంత సులువైన మాట నాలుక మీద పెట్టుకుని.

దర్జీ భార్య కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చింది. మాస్టారిని దాటుకుని వచ్చింది, ఆయన వైపు చూడను కూడా చూడలేదు. తీగలక్క చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. సూది గుచ్చుకుని గట్టిపడిన వేళ్ళు, భర్త పోయాక ఆ మిషను మీద ఆమే కుడుతోంది.

"మంచం ఎవరు తిప్పారు చెల్లెమ్మా?" అని అడిగింది. "వీళ్ళందరూ ఏవేవో చెప్తారు. నువ్వు చెప్పు. నువ్వు ఏం చెప్తే అదే నమ్ముతాను."